పోలిక వేరు, చుట్టరికం వేరు: ప్రాచీన ఐర్లండ్ నేల చెప్పే సంగతులు



మాస్టారి పేరిట జరిగే ఉపన్యాసం కాబట్టి శాతవాహనుల గురించో కాకతీయుల గురించో చెబుతానని కొందరు అనుకొని ఉంటారు. ఆహ్వానపత్రంలో ప్రాచీన ఐర్లండ్ అని చూసి, వాళ్ళకూ మనకూ ఏం సంబంధమని అడిగినవాళ్ళూ ఉన్నారు. వి.వి. గిరి గారు 1913లో న్యాయశాస్త్రం చదవడానికి డబ్లిన్ వెళ్ళారు, 1916 ఈస్టర్ తిరుగుబాటు జరిగాక ఆ దేశం విడిచి రావలసి వచ్చింది. మనవాళ్ళ ముచ్చట్లలో ఐర్లండ్ కనిపించేది దాదాపు అక్కడే. నేను చెప్పబోయే సంబంధం అంతకన్నా యాభై ఏళ్ళు పాతది. పైగా ఒక పొరపాటు మీద నిలిచినది. అందుకే ఎంచుకున్నాను.

ఫిలిప్ మెడోస్ టేలర్ నిజాం కొలువులో పనిచేసిన ఆంగ్లేయుడు. థగ్గుల మీద నవల రాసి ఇంగ్లండులో పేరు తెచ్చుకున్నాడు. సురపురం సంస్థానం వ్యవహారాలు చాలాకాలం చూశాడు. మన పల్లెల్లో రాక్షస గుళ్ళనీ, పాండవుల గుళ్ళనీ పిలిచే రాతి సమాధులు సురపురం చుట్టుపక్కల కూడా ఉన్నాయి. వాటిని తవ్వించి, ఉద్యోగం విరమించి డబ్లిన్‌లో స్థిరపడ్డాక, 1860ల్లో ఆ వివరాలన్నీ రాయల్ ఐరిష్ అకాడెమీకి సమర్పించాడు. మట్టి పొరలు ఎలా ఉన్నాయో, ఎముక ఎక్కడుందో, కుండ ఎక్కడుందో నిలువుకోత బొమ్మలు గీసి మరీ చూపించాడు. తర్వాతి శతాబ్దంలో మార్టిమర్ వీలర్ అంతటి పురావస్తు శాస్త్రజ్ఞుడు ఆ బొమ్మల్ని మెచ్చుకున్నాడు. పని అంత శుభ్రమైనది. తేల్చిన మాట మాత్రం తప్పు. వ్యాసం పేరులోనే వాటిని కెల్టిక్, డ్రుయిడ్, లేదా సిథియన్ కట్టడాలన్నాడు. ఐర్లండులో రాళ్ళు నిలబెట్టి పైన బండ కప్పిన సమాధులున్నాయి, దక్కన్‌లోనూ ఉన్నాయి, కనుక రెండు చోట్లా కట్టినవాళ్ళు ఒకే జాతి అన్నది ఆయన వాదన.

ఇప్పుడు తెలిసిన లెక్క వేరు. ఐర్లండు సమాధుల్లో పెద్దవి క్రీ.పూ. నాలుగో సహస్రాబ్దివి. ఇనుము మాట అటుంచి రాగి కూడా ఎరగనివాళ్ళు కట్టారు. మన దక్కన్‌వి చాలావరకు ఇనుపయుగానివి. మధ్యలో రెండు వేల ఏళ్ళ ఎడం, సుమారు ఎనిమిది వేల కిలోమీటర్ల దూరం. ముఖం కలిసినంత మాత్రాన బంధువులైపోరు. టేలర్ ఒక్కడే ఈ తప్పు చేసి ఉంటే ఇంత సేపు మాట్లాడనక్కర్లేదు. ఐర్లండు గతం మీద రెండు వందల ఏళ్ళుగా జరిగిన వాదాల్లో సగం దీని చుట్టూ తిరిగినవే.

ముందు న్యూగ్రేంజ్ చూద్దాం. డబ్లిన్‌కు ఉత్తరంగా యాభై కిలోమీటర్ల లోపే, బోయిన్ నది వంపులో ఉంది. క్రీ.పూ. 3200 ప్రాంతంలో కట్టారు, అంటే గీజా పెద్ద పిరమిడ్ కన్నా ఆరేడు వందల ఏళ్ళు ముందు. అడ్డంగా 85 మీటర్లుండే గుండ్రటి దిబ్బ. దాని మొదట్లో చుట్టూ 97 బండలు. వాకిలి ముందున్న బండ మీద సుడులు తిరిగే చెక్కడాలు. లోపలికి 19 మీటర్ల ఇరుకు దారి, దాని చివర ఒక గది. ఒక రాయి మీద ఇంకో రాయిని కొంచెం కొంచెం లోపలికి జరుపుతూ పేర్చుకుపోయి, చివర ఒక బండతో పైన మూసేశారు. సున్నం లేదు, గచ్చు లేదు. ఏడాది పొడుగునా వాన కురిసే ఆ దేశంలో అయిదు వేల ఏళ్ళుగా ఆ గది కప్పు కారలేదు. ఎందుకు కారలేదో తవ్వితే తెలిసింది. కప్పుబండల పైవైపు నీళ్ళు పక్కలకు జారిపోయేట్టు గాడులు చెక్కారు. సందుల్లో కాల్చిన మట్టీ సముద్రపు ఇసుకా కూరారు. ఆ కాల్చిన మట్టే రేడియోకార్బన్ పరీక్షకు పనికొచ్చి కట్టడం వయసు చెప్పింది. కట్టినవాడు కప్పు కారకుండా పడిన జాగ్రత్త చరిత్రకారుడికి తేదీగా అందింది.

1962 నుంచి 1975 దాకా అక్కడ తవ్వకాలు నడిపింది కార్క్ విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ మైకేల్ ఓకెల్లీ. ఏదైనా చేత్తో చేసి చూస్తేగాని నమ్మని మనిషి. ఐర్లండు అంతటా కాలి పగిలిన రాళ్ళ గుట్టలు వేలకొద్దీ ఉన్నాయి, పక్కనే చెక్క తొట్టెలు. కంచుయుగపు వంటసాలలు అన్నారు కొందరు. 1950లలో ఓకెల్లీ అలాంటి తొట్టె నింపించి, ఎర్రగా కాల్చిన రాళ్ళు అందులో వేయించాడు. అరగంట దాటేసరికి నీళ్ళు మరిగాయి. పది పౌన్ల గొర్రె తొడను గడ్డిలో చుట్టి దించాడు. మూడు గంటల నలభై నిమిషాలకు మెత్తగా ఉడికింది. గాల్వేలో ఇద్దరు పురావస్తువాళ్ళు ఇలాంటి తొట్టెలోనే బీరు కాచి, ఇవి బీరు బట్టీలై ఉండవచ్చునన్నారు. రెండూ వీలే. చేయగలిగారని తేలినంత మాత్రాన చేశారని తేలదు.

ఓకెల్లీ తవ్వుతున్నప్పుడు చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఒక మాట చెప్పేవారు. ఏడాదిలో ఒక రోజు సూర్యుడు ఈ గదిలోకి వచ్చి మూడు సుడుల బొమ్మ మీద పడతాడట. ఇంగ్లండులోని స్టోన్‌హెంజ్ సంగతి విని దీనికి అంటగట్టారని ఆయన మొదట తోసిపుచ్చాడు. అయితే వాకిలి పైన ఒక రాతి సందు ఉంది, దాని అవసరం ఏమిటో అంతుపట్టలేదు. 1967 డిసెంబర్ 21న, ఏడాదిలో అతి చిన్న పగలు, తెల్లవారకముందే ఒంటరిగా లోపల కూర్చున్నాడు. పొద్దు పొడిచిన నాలుగు నిమిషాలకు ఆ సందులోంచి సన్నటి వెలుగు గీత లోపలికి వచ్చి, గది చివరిదాకా పాకి, వెడల్పయి, పదిహేడు నిమిషాలుండి వెళ్ళిపోయింది. ఊరివాళ్ళు చెప్పిన వెలుగు నిజమే.

ఇంత గొప్పగా పనిచేసిన ఓకెల్లీయే ఇంకోచోట ఊహకు లొంగిపోయాడని నా అభిప్రాయం. వాకిలి ముందు తెల్లటి క్వార్ట్జ్ రాళ్ళు గుట్టగా పడి ఉన్నాయి. దక్షిణాన విక్లో కొండల నుంచి తెచ్చినవి. అవి ఒకప్పుడు దిబ్బకు నిలువు గోడగా ఉండి కూలిపోయాయని ఆయన నమ్మాడు. కాంక్రీటు ఊతం పెట్టి ఆ గోడ మళ్ళీ కట్టించాడు. ఈనాడు పోస్టుకార్డుల మీద మెరిసే తెల్లగోడ అదే. పక్కనే ఉన్న నౌత్ దిబ్బను జార్జ్ ఓగన్ దశాబ్దాల పాటు తవ్వాడు. అక్కడా ఇలాంటి తెల్లరాళ్ళే దొరికాయి. ఆయన వాటిని వాకిలి ముందు నేల మీద పరిచినట్టే ఉంచేశాడు. ఒకే కాలం, ఒకే నది ఒడ్డు, ఒకే రాయి. ఒకచోట గోడ, ఒకచోట చప్టా. రెండూ చూడండి. నాకు చప్టాయే నిజాయితీగా కనిపిస్తుంది.

వీటిని కట్టినవాళ్ళెవరు? కెల్టుల పూజారులైన డ్రుయిడ్లు అన్నారు పాతవాళ్ళు. డ్రుయిడ్ల పేరు గ్రీకు, రోమన్ రచనల్లో వినిపించేది న్యూగ్రేంజ్ కట్టిన దాదాపు మూడు వేల ఏళ్ళ తర్వాత. 2015 చివర డబ్లిన్ ట్రినిటీ కాలేజీలో లారా కాసిడీ, డాన్ బ్రాడ్లీ బృందం పాత ఎముకల్లోని డీఎన్ఏ చదివింది. బెల్‌ఫాస్ట్ దగ్గర దొరికిన కొత్తరాతియుగపు స్త్రీ మూలాలు ఎక్కువగా పశ్చిమాసియా నుంచి వచ్చిన తొలి రైతులవి. ఉత్తరాన రాత్లిన్ దీవిలో ఒక పబ్ వెనక బయటపడిన కంచుయుగపు ముగ్గురు మగవాళ్ళు వేరే మనుషులు. వాళ్ళలో నల్లసముద్రం పైనున్న గడ్డిమైదానాల రక్తం ఉంది. ఈనాటి ఐరిష్‌వాళ్ళు ఈ రెండోవాళ్ళకే దగ్గర. క్రీ.పూ. 2500 తర్వాత కొన్ని శతాబ్దాల్లో ఐర్లండు జనం చాలావరకు మారిపోయారు. న్యూగ్రేంజ్ కట్టినవాళ్ళను మా తాతముత్తాతలని చెప్పుకోవడానికి నేటి ఐరిష్‌వాళ్ళకు ఉన్న హక్కు రక్తంలో కన్నా కాపురంలో ఎక్కువ.

2020లో అదే బృందం ఇంకో వార్త చెప్పింది. న్యూగ్రేంజ్ గదిలో దొరికిన ఒక మగమనిషి పుర్రె ఎముకను పరీక్షిస్తే, అతని తల్లిదండ్రులు తోబుట్టువులో, లేదా ఒకరు మరొకరి బిడ్డో అని తేలింది. తోబుట్టువుల పెళ్ళి ఈజిప్టు ఫరోల వంటి దైవాంశ రాజులే చేసుకుంటారు కనుక ఇక్కడా అలాంటి రాజవంశం ఉండేదని బృందం ఊహించింది. దీనికి తోడు పక్కనే ఉన్న డౌత్ దిబ్బ మీద మధ్యయుగపు కథ ఒకటుంది. ఒక రాజు ఆ దిబ్బను ఒక్క పగటిలో కట్టించాలనుకున్నాడు. అతని చెల్లెలు మంత్రబలంతో సూర్యుణ్ణి ఆపింది. రాజు చెల్లెలితో కూడాడు, మంత్రం చెడి లోకం చీకటైంది. పత్రికలు పండగ చేసుకున్నాయి. నాలుగు వేల ఏళ్ళ జ్ఞాపకం అన్నాయి.

కథ ఎంత రుచిగా ఉంటే అంత జాగ్రత్తగా ఉండాలి. డౌత్ దారుల్లో ఒకటి ఆ చిన్న పగటి అస్తమయానికి తిరిగి ఉంది. ఏ తరంవాడైనా అక్కడ నిలబడి చూస్తే సూర్యుడి కథ తనంతట తానే అల్లుకోగలడు. ఇక రాజు సంగతి. ఒక్క ఎముక ముక్కతో రాజవంశాన్ని నిలబెట్టలేమని ఇటీవల కొందరు పురావస్తు శాస్త్రజ్ఞులు గట్టిగా అడ్డుచెప్పారు. ఆ గదుల్లో ఎముకలు కలగలిసిపోయి ఉన్నాయి, ఎవరినీ విడిగా గద్దె మీద కూర్చోబెట్టినట్టు లేదు, రాజభవనమూ లేదు. నేను వాళ్ళ పక్షం. డీఎన్ఏ పుట్టుక చెబుతుంది, హోదా చెప్పదు.

ఇక కెల్టుల మాట. ప్రాచీన గ్రీకు, రోమన్ రచయితలు కెల్టులన్నది ఐరోపా ఖండంలోనివాళ్ళను. ఐరిష్‌వాళ్ళను ఆ పేరుతో ఒక్కడూ పిలవలేదు. వేల్స్ పండితుడు ఎడ్వర్డ్ లూయిడ్ ఐరిష్, వెల్ష్, కార్నిష్, బ్రెటన్ భాషలు ఒకే కుటుంబమని 1707లో పుస్తకం వేశాడు. భాషల చుట్టరికం నిజం. జనం దాన్ని జాతి చుట్టరికం చేసుకున్నారు. చిత్రమేమంటే, రోడ్డుకు రాళ్ళు తీస్తున్న కూలీలకు 1699లో న్యూగ్రేంజ్ వాకిలి బయటపడ్డప్పుడు వెళ్ళి చూసి రాసిపెట్టినవాడూ ఈయనే. కెల్టులు దండెత్తి వచ్చి ఐర్లండును ఆక్రమించారనే కథకు నేలలో సాక్ష్యం చాలా బీద. కెల్టిక్ అనిపించుకునే లా టెన్ పద్ధతి వస్తువులు ఉత్తరాన కొన్ని దొరికాయి, దక్షిణాన బహు తక్కువ. ఐరిష్ భాష ఆ దీవికి ఎప్పుడొచ్చిందో మట్టి చెప్పదు.

పుస్తకాలు మాత్రం బోలెడు చెబుతాయి. నోవహు సంతతి నుంచి మొదలుపెట్టి స్పెయిన్ మీదుగా ఐర్లండు చేరిన వలసల వరసను క్రైస్తవ సన్యాసులు కూర్చారు. ఎద్దు కోసం రెండు రాజ్యాలు కొట్టుకున్న టాయిన్ కథా ఉంది. విరాటపర్వంలో గోగ్రహణం చదివినవాళ్ళకు ఆ కథలో కొత్తదనం ఉండదు. ఆవే సంపద, ఆవే కొలమానం, కనుక యుద్ధమూ ఆవు కోసమే. మనకు దొరికిన ప్రతుల్లో పాతది క్రీ.శ. 1100 ప్రాంతంలో రాసినది. కెల్టిక్ భాషల పండితుడు కెన్నెత్ జాక్సన్ 1964లో ఈ కథలను ఇనుపయుగంలోకి తెరిచిన కిటికీ అన్నాడు. బెల్‌ఫాస్ట్‌లోని పురావస్తు శాస్త్రజ్ఞుడు జె.పి. మాలరీ ఒక సాదా పని చేశాడు. కథలోని కత్తుల వర్ణనను నేలలో దొరికిన కత్తుల పక్కన పెట్టాడు. ఇనుపయుగపు ఐరిష్ కత్తులు పొట్టివి. కథలోవి పొడుగైనవి, వైకింగుల కాలానివి. కథలో వెండి కూడా ధారాళంగా ఉంటుంది, ఇనుపయుగపు ఐర్లండులో వెండి లేదు. రాసినవాడు తన చుట్టూ ఉన్న లోకాన్ని వెయ్యేళ్ళ వెనక్కి తోశాడు.

అలాగని కథను పారేయాలా? టాయిన్‌లో ఉల్స్టర్ రాజధాని ఎవిన్ మాహా. అది ఆర్మా పట్టణం దగ్గరి నావన్ కోట. డడ్లీ వాటర్‌మన్ 1963-71 మధ్య తవ్వితే రాజభవనం దొరకలేదు. అంతకన్నా వింతైనది దొరికింది. అడ్డంగా 40 మీటర్ల గుండ్రటి కట్టడం, రెండున్నర వందలకు పైగా ఓక్ స్తంభాలు. నడిమి స్తంభాన్ని క్రీ.పూ. 95 చివర, లేదా 94 మొదట్లో నరికారని చెట్టు వలయాలు చెప్పాయి. కట్టారు, లోపలంతా సున్నపురాళ్ళతో నింపారు, నిప్పు పెట్టారు, పైన మట్టి కప్పేశారు. నివాసానికి కాదు, ఏదో క్రతువుకు కట్టి క్రతువుగానే కాల్చారు. అంతకుముందటి పొరలో ఉత్తరాఫ్రికా కోతి పుర్రె ఒకటి ఉంది. దాన్ని ఎవరు, ఏ ఓడలో, ఎవరికి కానుకగా తెచ్చారో! కథలో ఈ హోమమూ లేదు, కోతీ లేదు. చోటు గొప్పదన్న తలపు మాత్రం మిగిలింది. నా మట్టుకు నాకు పురాణం ఇంతవరకే సాక్షి. ఎక్కడ వెతకాలో చెబుతుంది, ఏం దొరుకుతుందో చెప్పదు.

ఐర్లండు నడిమి భాగమంతా పీట్ బురదనేలలు. కుళ్ళని నాచు వేల ఏళ్ళుగా పేరుకున్న నేల. గాలి ఆడదు, పులుపెక్కువ, అందుకే తోలూ చర్మమూ వెంట్రుకా నిలుస్తాయి. లాంగ్‌ఫర్డ్ జిల్లా కోర్లీలో క్రీ.పూ. 148లో ఓక్ పలకలతో వేసిన కిలోమీటరు బాట దొరికింది. బారీ రాఫ్టరీ తవ్వాడు. బండ్లు పోయేంత వెడల్పు. వేసిన కొద్ది ఏళ్ళకే సొంత బరువుకు బురదలో దిగబడిపోయింది, మరమ్మతు ఆనవాలు లేదు. బురదలో ముద్దలు ముద్దలుగా వెన్న కూడా దొరుకుతూంటుంది, కొన్ని కంచుయుగం నాటివి.

మనుషులూ దొరికారు. 2003లో కొన్ని నెలల తేడాలో రెండు శవాలు బయటపడ్డాయి. క్లోనికావన్ మనిషి జుట్టును పైకి నిలబెట్టడానికి నూనెలో పైన్ బంక కలిపి రాసుకున్నాడు. ఆ బంక ఫ్రాన్సుదో స్పెయిన్‌దో. ఓల్డ్ క్రోగన్ మనిషికి తల లేదు, నడుము కింద లేదు. చేతుల్ని బట్టి ఆరున్నర అడుగుల ఆజానుబాహువు. గోళ్ళు నున్నగా ఉన్నాయి, కాయకష్టం ఎరగడు. ఎడమ దండకు అల్లిన తోలు కడియం. జబ్బలకు తూట్లు పొడిచి హేజెల్ కొమ్మల తాళ్ళు దూర్చారు. ఇద్దరివీ క్రీ.పూ. నాలుగు నుంచి రెండో శతాబ్దాల మధ్య చావులు. జాతీయ మ్యూజియానికి చెందిన ఎమన్ కెల్లీ ఇలాంటి శవాలు పాత రాజ్యాల సరిహద్దుల మీద దొరుకుతున్నాయని చూపి, వీళ్ళు పంట తప్పినందుకు బలి అయిన రాజులనో రాజు కావలసినవాళ్ళనో ప్రతిపాదించాడు. సరిహద్దుల సంగతి గట్టిది. రాజులన్నది మధ్యయుగపు పుస్తకాల నుంచి వెనక్కి లాగిన ఊహ. మాలరీ కత్తులకు పెట్టిన పరీక్ష దీనికీ పెట్టాలి.

గతం మీద మోజు ఎంత దూరం పోగలదో, ఐరిష్ రాజుల పాత పీఠంగా పేరున్న తారా కొండ చూపిస్తుంది. ఆంగ్లేయులే ఇశ్రాయేలు తప్పిపోయిన గోత్రమని నమ్మిన కొందరు, బైబిల్లోని నిబంధన మందసం అక్కడ పాతిపెట్టి ఉందని 1899 నుంచి 1902 దాకా కొండను గుల్ల చేశారు. కవి యేట్స్, రచయితలు డగ్లస్ హైడ్, జార్జ్ మూర్ పత్రికకు ఉత్తరం రాసి నిరసన తెలిపారు. మందసం దొరకలేదు. 1930లలో వంతు మారింది. ఐరిష్ పుర్రెలు కొలిచి కెల్టిక్ జాతిని పట్టుకుందామని హార్వర్డ్ నుంచి బృందం వచ్చింది. జాతీయ మ్యూజియం డైరెక్టర్‌గా 1934లో నియమితుడైన ఆస్ట్రియన్ అడాల్ఫ్ మార్ మంచి పండితుడే, డబ్లిన్‌లో నాజీ పార్టీ శాఖకు నాయకుడు కూడా. 1939లో జర్మనీ వెళ్ళినవాణ్ణి మళ్ళీ ఆ కుర్చీలో కూర్చోనివ్వలేదు.

ఆఖరుగా మన దేశానికి దగ్గరగా వచ్చే ఒక ఆచారం. ఏడు, ఎనిమిది శతాబ్దాల ఐరిష్ ధర్మశాస్త్రాల ప్రకారం, గొప్పవాడు బాకీ పడితే పేదవాడు అతని వాకిట్లో ఉపవాసం కూర్చోవచ్చు. హామీ ఇవ్వకుండా లోపల అన్నం తింటే ఆ గొప్పవాడు రెట్టింపు కట్టాలి. న్యాయమైన హామీ ఇచ్చాక కూడా కూర్చుంటే ఉపవాసం ఉన్నవాడి హక్కు పోతుంది. ఇది వినగానే మనకు తట్టేది ధర్నా. 2024 దాకా అమల్లో ఉన్న 1860 నాటి మన శిక్షాస్మృతి 508వ సెక్షన్‌లో ఉదాహరణగా ఇచ్చినది అచ్చంగా ఇదే: పరాయివాడి గుమ్మం ముందు ధర్నా కూర్చుని దైవాగ్రహం పేరుతో బెదిరించడం. అప్పటి మన ముఖ్య చట్టాలను సంకలనం చేసి ప్రచురించిన విట్లీ స్టోక్స్ డబ్లిన్‌లో పుట్టినవాడు. 1862లో మద్రాసు వచ్చి, తర్వాత వైస్రాయి కౌన్సిల్లో న్యాయసభ్యుడయ్యాడు. పగలు మన చట్టాలు, మిగిలిన వేళ పాత ఐరిష్ గ్రంథాల పరిష్కరణ. అదే కాలంలో న్యాయచరిత్రకారుడు హెన్రీ మెయిన్ ఈ రెండు ఉపవాసాలనూ పక్కపక్కన పెట్టి చూపాడు. ఆర్యుల ఉమ్మడి ఆస్తి అన్నారు తర్వాతివాళ్ళు.

కావచ్చు, భాషల బంధుత్వం ఉండనే ఉంది. అయినా బలహీనుడు బలవంతుణ్ణి ఊరి ఎదుట సిగ్గుపడేట్టు చేయడానికి సొంత ఆకలికన్నా చవకైన ఆయుధం లేదు. ఎక్కడివాడైనా కనిపెట్టగలడు. రుజువు లేనిచోట టేలర్ చేసిన పని నేను చేయను.

మీలో చాలామంది పిల్లలు డబ్లిన్‌లో చదువుతున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు. డిసెంబర్ వెలుగు చూడటానికి ఏటా వేలమంది పేర్లిస్తే చీటీ తీసి కొద్దిమందినే లోపలికి పంపుతారు. పేరు ఇవ్వమనండి. చీటీ రాకపోయినా కిల్డేర్ వీధిలోని జాతీయ మ్యూజియం ఉంది. ఓల్డ్ క్రోగన్ మనిషి చేతులు అక్కడే ఉన్నాయి, గోళ్ళతో సహా. లోపలికి వెళ్ళడానికి టికెట్ లేదు.